సాక్షి మాట కాగితమెక్కే దారి

అప్పీలు విచారించే జడ్జి సాక్షిని చూడరు. జవాబు చెప్పేటప్పుడు అతను తడబడ్డాడా, తల వంచుకున్నాడా, తన ప్లీడరు ముఖం వంక చూసి ఆగాడా అన్నవేవీ ఆయనకు కనబడవు. ఆయన బల్ల మీదికి వచ్చేది కాగితాల కట్ట ఒక్కటే. అందులో ఒకచోట ‘పి.డబ్ల్యు.1’ (వాది లేదా ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి) అని ఉంటుంది. దాని కింద పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు, ప్రమాణం చేయించిన తేదీ. ఆ కింద వరసగా ఒక మనిషి చెప్పిన మాటలు. చివర సంతకమో వేలిముద్రో.

దీన్ని డెపోజిషన్ అంటారు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో (పాతవాళ్ళకు అది ఇప్పటికీ మున్సిఫ్ కోర్టే) పుట్టిన ఈ కాగితం సీనియర్ సివిల్ జడ్జి దగ్గరికో జిల్లా కోర్టుకో వెళ్తుంది. అక్కడినుంచి అమరావతికో హైదరాబాదుకో పోతుంది. ఎప్పుడో ఒకటి ఢిల్లీ దాకా చేరుతుంది. 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించాక, రెండో అప్పీలులో హైకోర్టు చూసేది గట్టి న్యాయప్రశ్న ఏదైనా ఉందా అన్నదే. అప్పు ఇచ్చారా లేదా, గట్టు జరిపారా లేదా అనే సంగతులు అప్పటికే కింది రెండు మెట్ల మీద తేలిపోయి ఉంటాయి. పైన ఎంత పెద్ద వకీలు ఎంత గొప్పగా వాదించినా, కింద సాక్షి నోట ఏం వచ్చింది, అందులో ఎంత కాగితమెక్కింది అన్నదాని మీదే ఆ వాదన నిలబడాలి.

కోర్టుల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా పెద్ద తీర్పుల గురించే రాస్తారు. పనితనం చూడాలనుకునేవాళ్ళను మాత్రం నేను డెపోజిషన్ షీటు చూడమంటాను. దీనికి రచయిత అంటూ ఒకరుండరు. సాక్షి చెబుతాడు, ప్లీడరు చెప్పిస్తాడు, జడ్జి వాక్యం కడతారు, స్టెనో టైపు కొడతారు. నలుగురూ ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేస్తే, ఆ గదిలో లేని ఐదో మనిషికి పదేళ్ళ తర్వాత కూడా ఆ పూట అక్కడ ఏం జరిగిందో తెలుస్తుంది. ఒక్కరు ఏమరినా ఒక కుటుంబం ఆస్తి తారుమారైపోవచ్చు.

సినిమా కోర్టు చూసి అసలు కోర్టుకు వెళ్ళినవాళ్ళకు మొదట నిరాశే. సుత్తి ఉండదు, ‘ఆర్డర్ ఆర్డర్’ ఉండదు. భగవద్గీత మీద చెయ్యి పెట్టించడం కూడా ఉండదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు చెప్పి ప్రమాణం చేస్తే చాలు. దేవుడి పేరు వద్దనుకునేవారు ఆ పేరు లేకుండానే నిజం చెబుతామని మాట ఇవ్వవచ్చు. పొద్దున పదిన్నరకు కాలింగ్ వర్క్ మొదలవుతుంది. బంట్రోతు గుమ్మంలో నిలబడి ఒక్కో పేరూ మూడుసార్లు కేకేస్తాడు. వాయిదా పడేవి పడిపోయాక, గుమాస్తాలు ఫైళ్ళు సర్దుకుని పలచబడ్డాక, ట్రయల్ మొదలుపెడతారు. బోనులోకి ఒక మనిషి ఎక్కుతాడు. ఫ్యాను చప్పుడులో సగం మాటలు వినబడవు. వెనక బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు అదంతా ఏదో గొణుగుడులాగా ఉంటుంది. అసలు పని జరిగేది మాత్రం అప్పుడే.

డెపోజిషన్‌లో మొదట గమనించాల్సింది, ప్రశ్నలు కనబడకపోవడం. ప్లీడరు అడుగుతాడు, సాక్షి చెబుతాడు, ఆ రెండూ కలిపి జడ్జి ఒక్క వాక్యం చేసి స్టెనోకు చెబుతారు. ‘ఆ రోజు నీతో ఎవరెవరున్నారయ్యా?’ ‘మా బావమరిదండి, ఇంకా నోటు రాసినాయన.’ ‘మీ బావమరిదికి చదువొచ్చా?’ ‘సంతకం పెడతాడండి.’ కాగితం మీదికి వచ్చేసరికి ఇది ‘ఆ రోజు నాతో మా బావమరిది, లేఖరి ఉన్నారు. మా బావమరిది సంతకం చేయగలడు’ అని రెండు వాక్యాలవుతుంది. మామూలుగా ఇలా కథనంలాగా రాసుకోవాలనీ, అవసరమనిపించినచోట ప్రశ్ననూ జవాబునూ ఉన్నదున్నట్టు దించవచ్చనీ పద్ధతి. ఎక్కడ అవసరమో పోల్చుకోవడం జడ్జి నేర్పు. సాక్షి ప్రశ్నకు సూటిగా చెప్పకుండా చుట్టూ తిరుగుతున్నాడనుకోండి. వాక్యంగా మార్చితే ఆ తిరుగుడు పోయి, సాఫీగా చెప్పినట్టు కనబడుతుంది. అనుభవం ఉన్న జడ్జి అక్కడ ఆగి, ‘ప్రశ్న’ అని రాయించి, కింద ‘జవాబు’ అని రాయిస్తారు. నాలుగు పేజీల కథనం మధ్యలో ఇలా ఒక్క ప్రశ్న ఒంటరిగా నిలబడి కనబడిందంటే, చదివే అప్పీలు జడ్జికి అది సైగ.

ఇక క్రాస్ (ఎదుటిపక్షం ప్లీడరు సాక్షిని అడిగే భాగం) చివర్లో వచ్చే వాక్యాలు వేరే రకం. ‘నేను ఖాళీ నోటు మీద సంతకం తీసుకున్నానన్నది నిజం కాదు. చీటీ డబ్బుకు జామీనుగా ఆ నోటు నా దగ్గర పెట్టారన్నది నిజం కాదు. నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నానన్నది నిజం కాదు.’ కొత్తగా చదివేవాళ్ళకు, ఎవరూ అడగకుండా ఈయన ఇన్నిటిని ఎందుకు కాదంటున్నాడా అనిపిస్తుంది. ప్రశ్నలు తీసేశారు కనుక అలా ఉంటుంది. ఇవి ఎదుటిపక్షం ప్లీడరు వేసిన సజెషన్లు. సాక్షి కాదంటాడని ఆయనకూ తెలుసు. అయినా అడిగి తీరాలి. తన కథను ఎదుటి సాక్షి ముందు పెట్టకపోతే, ఆ కథ తర్వాత పుట్టించిందని తీర్పులో రాసే ప్రమాదం ఉంది. అందుకని ఒకే మనిషి గొంతులో రెండు కథలు నడుస్తాయి. చీఫ్‌లో (సొంత ప్లీడరు అడిగినప్పుడు) ఆయన చెప్పుకున్న కథ, క్రాస్ చివర ఆయన కాదంటూ వెళ్ళిన కథ. ఇంత పొదుపుగా ఒక తగాదాను రెండువైపుల నుంచీ చూపించే రాతను నేను ఇంకెక్కడా చూడలేదు.

మన జిల్లాల్లో సాక్షి తెలుగులో చెబుతాడు. చాలా కోర్టుల్లో రికార్డు మాత్రం ఇంగ్లీషులో నడుస్తుంది. జడ్జి ఒక చెవితో గోదావరి యాసో కరీంనగర్ యాసో వింటూ, నోటితో ఇంగ్లీషు వాక్యం చెబుతారు. సాక్షి ఈలోపే రెండో మాట మొదలుపెట్టేస్తాడు. ‘ఆగవయ్యా, రాసుకోనీ’ అనడం ఇక్కడ రోజూ వినబడే మాట. ఈ వేగంలో జరిగే నష్టం ఒకటుంది. సాక్షి ‘దీపాలు పెట్టే వేళండి’ అంటాడు. కాగితం మీద అది ‘సాయంత్రం సుమారు 6.30 గంటలకు’ అయి కూర్చుంటుంది. అతని జేబులో గడియారం లేదు, అతను గంట చెప్పనూ లేదు. ఇంకో సాక్షి అదే వేళను ‘పొద్దుగూకినాక’ అంటాడు, అది ఏడు అవుతుంది. వాదనలనాటికి ఇద్దరికీ అరగంట తేడా వచ్చిందని ఒక ప్లీడరు లేచి నిలబడతాడు. ఆ తేడా సాక్షులు తెచ్చింది కాదు, రాత తెచ్చింది. పనితెలిసిన జడ్జి ఇలాంటిచోట ఇంగ్లీషు వాక్యం మధ్యలో ‘దీపాలు పెట్టే వేళ’ అని తెలుగు మాటనే కొటేషన్‌లో ఉంచేస్తారు. పాత ఫైళ్ళలో ఇంగ్లీషు టైపు మధ్య చేత్తో రాసిన తెలుగు ముక్క కనబడితే, ఆ బల్ల వెనక ఎవరో శ్రద్ధగల మనిషి కూర్చున్నారని అనుకోవచ్చు.

ఇద్దరు ప్లీడర్ల చెవులూ జడ్జి నోటి దగ్గరే ఉంటాయి. వాక్యం తేడాగా పడితే ‘సార్, సాక్షి అలా అనలేదు’ అని లేస్తారు. దాని మీద చిన్న గొడవ. మళ్ళీ సాక్షినే అడుగుతారు. చివరకు చదివి వినిపించి, సరిగ్గా ఉందని అతను ఒప్పుకున్నాక ప్రతి పేజీలో సంతకం తీసుకుంటారు. సాక్షి ప్రవర్తన మీద జడ్జి ఒక మాట రాసుకునే అధికారం కూడా చట్టంలో ఉంది. ‘సాక్షి చాలాసేపు ఊరుకుని జవాబు చెప్పారు’ అని బ్రాకెట్లో ఒక్క వాక్యం. దాన్ని తరచుగా వాడరు. వాడితే మాత్రం ఆ బరువే వేరు. 1950లో సర్జూ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు, సాక్షిని కళ్ళారా చూసిన జడ్జి ఎవరిని నమ్మాలో నిర్ణయించినప్పుడు, కాగితం మాత్రమే చూసిన పైకోర్టు తొందరపడి దాన్ని తిరగేయకూడదని చెప్పింది. చూసినదాన్ని కాగితం మీద పెట్టే దారి ఆ బ్రాకెట్టే.

ఇప్పుడు క్రాస్ గురించి. ప్రశ్నలు అడిగే వరసను మనకు 1872 సాక్ష్య చట్టం ఇచ్చింది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రాసిన ఆ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 167 సెక్షన్లు 170 అయ్యాయి, అంకెలు అటూ ఇటూ మారాయి. బోనులో తంతు మారలేదు. తన సాక్షిని అడిగేటప్పుడు జవాబు నోటికందించకూడదు. ‘నువ్వు రెండు లక్షలు ఇచ్చావు కదా’ అనకూడదు, ‘ఆ రోజు ఏం జరిగింది’ అనాలి. ఎదుటి సాక్షిని అడిగేటప్పుడు ఆ అడ్డు లేదు. క్రాస్ అంటే గద్దించడం అనుకునేవాళ్ళు ఎక్కువ. అసలు క్రాస్ ఎంత మెత్తగా ఉంటుందో చూడటానికి మన కోర్టుల్లో రోజూ నడిచే ప్రోనోటు దావాను మించింది లేదు. ఒక మచ్చు దావా ఊహించుకుందాం.

వాది రెండు లక్షలు అప్పిచ్చానంటాడు. ప్రతివాది నోటు మీద సంతకం తనదేనంటాడు, కానీ చీటీ పాడుకున్నప్పుడు జామీనుగా ఖాళీ నోటు మీద పెట్టిచ్చానంటాడు. ప్రతివాదికి ఇది కష్టమైన దావా. నోటు రాసిచ్చినట్టు రుజువైతే డబ్బు ముట్టినట్టే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని చూపే భారం ప్రతివాదిదే. అందుకని అతని ప్లీడరు వాది నోటినుంచే ఏదో ఒకటి రాబట్టాలి.

‘నోటు ఎక్కడ రాసుకున్నారండీ?’

‘మా ఇంటి దగ్గరేనండి. అరుగు మీద.’

‘పొద్దున్నా, సాయంత్రమా?’

‘పొద్దున. టిఫిన్లయ్యాక.’

‘నోటు ఫారం ఎవరు తెచ్చారు?’

‘లేఖరిగారే తెచ్చారండి.’

‘డబ్బు?’

‘ఆయన ఎదుటే లెక్కపెట్టి ఇచ్చానండి.’

ప్లీడరు ‘సరే’నని వేరే సంగతిలోకి వెళ్ళిపోతాడు. వాదికి ఏమీ కాలేదు, పైగా తడుముకోకుండా చెప్పానన్న ధైర్యం వచ్చింది. కాగితం మీద నాలుగు చప్పటి వాక్యాలు పడ్డాయి. ఈ సమయంలో లేఖరి హాలు బయట వేపచెట్టు కింద ఉన్నాడు. తర్వాతి సాక్షులను బయట ఉంచమని ప్లీడరు ముందే అడిగి ఉంచాడు. పనిలో సగం ఆ చిన్న కోరికలోనే ఉంది.

లేఖరి పి.డబ్ల్యు.2గా ఎక్కుతాడు. ఫారం ఎవరిదని అడిగితే, ‘వాళ్ళ దగ్గరే ఉందండి, నేను పూర్తి చేశాను’ అంటాడు. డబ్బు మీ ఎదుట లెక్కపెట్టారా అంటే, ‘లేదండి, అంతకుముందే ఇచ్చుకున్నామన్నారు’ అంటాడు. ప్లీడరు అక్కడితో కూర్చుంటాడు.

ఆ కూర్చోవడం గురించే జూనియర్లకు సీనియర్లు ఏళ్ళ తరబడి చెబుతారు. కుర్ర ప్లీడరైతే ఆగలేడు. ‘అయితే మొదటి సాక్షి అబద్ధమాడినట్టే కదా?’ అని ఒక ప్రశ్న వేస్తాడు. లేఖరికి అప్పుడు వెలుగుతుంది. ‘అంటే, నేను రాసుకుంటుంటే పక్కన లెక్కపెడుతున్నారండి, నేను చూసుకోలేదు’ అంటాడు. అతుకు పడిపోయింది. అడగని ప్రశ్న విలువ ఎంతో ఆ రోజు సాయంత్రం ఆఫీసులో సీనియర్ గారు తీరిగ్గా చెబుతారు. అడగకుండా వదిలిన చోట రెండు వాక్యాలు రెండు వేర్వేరు పేజీల్లో ఒకదాన్నొకటి పట్టించుకోకుండా పడి ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టేది వాదనలరోజు. ఇంతమాత్రాన దావా పోతుందని కాదు. నిజాయతీపరులు కూడా ఐదేళ్ళ కిందటి పొద్దుటిపూటను తలో రకంగా గుర్తుపెట్టుకుంటారు. కానీ జడ్జి ఆలోచించుకోవాల్సిన చోటు ఒకటి తయారైంది. దాన్ని తయారుచేసింది గొంతు పెంచని ఆరు ప్రశ్నలు.

ఆ నోటు కాగితానికీ ఒక కథ ఉంది. కోర్టులో పత్రం దానంతట అది మాట్లాడదు, దానికి అంకె వేయాలి. మన వైపు సివిల్ కోర్టుల్లో వాది పత్రాలకు ఏ వరస, ప్రతివాదివాటికి బి వరస, కోర్టు కమిషనరు నివేదికలాంటివాటికి సి వరస. క్రిమినల్ కేసుల్లో ప్రాసిక్యూషన్‌వి పి, ముద్దాయివి డి. కత్తి, చొక్కా, చెప్పుల జత లాంటి వస్తువులు ఎం.ఓ.లు (మెటీరియల్ ఆబ్జెక్టులు). బెంచ్ క్లర్కు కాగితం వెనక రబ్బరు ముద్ర వేసి, కేసు నంబరు, తేదీ నింపి, ‘ఎగ్జిబిట్ ఏ-1’ అని రాసి జడ్జి ముందు పెడతారు. చూడటానికి గుమాస్తా పని. కానీ ముద్ర పడే ఆ క్షణంలో ఎదుటి ప్లీడరు నిద్రపోకూడదు.

స్టాంపు తక్కువైన పంపకాల కాగితమైతే, లోటు సొమ్ముతోపాటు దానికి పదిరెట్ల జరిమానా కడితే సాక్ష్యంలోకి తీసుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు. స్టాంపు చట్టం 35వ సెక్షను ప్రోనోటును ప్రత్యేకంగా బయట పెట్టింది. సరైన స్టాంపు లేని నోటు ఎంత జరిమానా కట్టినా లోపలికి రాదు. దావా అక్కడే కూలిపోవచ్చు. అయితే 36వ సెక్షను ఇంకో తలుపు తెరిచింది. అభ్యంతరం లేకుండా ఒకసారి సాక్ష్యంలోకి తీసుకున్న పత్రాన్ని, స్టాంపు చాలలేదని ఆ దావాలో మళ్ళీ ప్రశ్నించడానికి లేదు. 1961లో జవేర్‌చంద్ కేసులో స్టాంపు చాలని హుండీల మీద సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. అంటే పనికిరాని కాగితానికి పనికొచ్చే ప్రాణం ఆ ముద్ర పడే క్షణంలోనే వస్తుంది. మిగతా రకం అభ్యంతరాలకు ఇంత కంగారు అక్కర్లేదు. అభ్యంతరాన్ని రాసుకుని, ‘అభ్యంతరానికి లోబడి’ అని మార్కు చేసి, తీర్పులో తేల్చుకోవచ్చని 2001లో బిపిన్ శాంతిలాల్ పంచాల్ కేసులో చెప్పారు. అదే తీర్పు, స్టాంపు సంగతి మాత్రం అప్పటికప్పుడే తేల్చాలంది. విచారణ ఆగకుండా సాగే దారి చూపిస్తూనే, ఆగి తీరాల్సిన ఒక్క చోటును గుర్తుపెట్టుకుంది. ఇదీ పనితనమే.

క్రిమినల్ కోర్టు రాత ఇంకా చిక్కైనది. పోలీసులు దర్యాప్తులో సాక్షుల మాటలు రాసుకుంటారు. సాక్షి వాటి మీద సంతకం పెట్టడు. ఆ కాగితం సాక్ష్యం కాదు. కోర్టులో సాక్షి మాట మారిస్తే దాన్ని చూపించడానికి మాత్రం పనికొస్తుంది. అందుకూ పద్ధతుంది. ముద్దాయి తరఫు ప్లీడరు పోలీసుల దగ్గర చెప్పిన ఆ ముక్కను సాక్షికి చదివి వినిపించి, ఇలా చెప్పావా అని అడగాలి. చెప్పలేదంటే, ఆ ముక్క వరకు గీత గీసి ఎగ్జిబిట్ డి-1 అని మార్కు చేయాలి. తర్వాత కొన్ని నెలలకు దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ‘పి.డబ్ల్యు.3 మీ దగ్గర ఎగ్జిబిట్ డి-1లో ఉన్నట్టు చెప్పాడా?’ అని అడగాలి. ఆయన ‘చెప్పాడు’ అంటేనే పని పూర్తయినట్టు. ఈ రెండో భాగం మరిచిపోతే మొదటిది ఒక కొస కట్టి రెండో కొస వదిలేసిన నులకమంచమే. దర్యాప్తు అధికారి వచ్చేసరికి ప్లీడరు మారి ఉండవచ్చు, జడ్జి బదిలీ అయి ఉండవచ్చు. ఎక్కడెక్కడ ముడి వేయాలో గుర్తుపెట్టుకునేది చేతిలోని నోట్సే.

మరి సాక్షి పోలీసులకు ఒక సంగతి చెప్పనే లేదు, కోర్టులో కొత్తగా చెప్పాడు, అప్పుడేం చూపించాలి? లేని ముక్కకు గీత ఎలా గీస్తారు? ఈ చిక్కును 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో విప్పింది కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టి, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి అయి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి. ఆ కేసులో ఒక దోపిడీ ముఠా రాత్రివేళ చేసిన హత్యలు, గ్యాసు లాంతరు వెలుగు, ఆ లాంతరు సంగతి పోలీసులకు చెప్పావా అన్న ప్రశ్న ఉన్నాయి. మెజారిటీ తీర్పు సుబ్బారావు గారిది. చెప్పని ప్రతిదీ మాట మార్చడం కాదన్నారు. చెప్పినదానిలో చెప్పనిది ఇమిడి ఉండి, రెండూ ఒకచోట నిలవలేనప్పుడే అది వైరుధ్యం. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. ఆయన అక్కడ ఆగకుండా ఉదాహరణలు ఇచ్చారు. పొడిచినవాడు నల్లగా ఉన్నాడని పోలీసులకు చెప్పి, తెల్లగా ఉన్నాడని కోర్టులో చెబితే, మొదటి మాటలోనే తెల్లవాడు కాదన్న సంగతి కూడా ఉన్నట్టు. పొడిచి ఉత్తరపు సందులోంచి పారిపోయాడని అక్కడ, వెంటనే దక్షిణపు సందులోంచి పారిపోయాడని ఇక్కడ అంటే, ఒకే మనిషి ఒకే క్షణంలో రెండు వైపులకూ పరిగెత్తలేడు కనుక ఒకటి అబద్ధమే. ఇవి చట్టం చదవని రైతుకు కూడా ఒక్కసారి చెబితే ఎక్కే ఉదాహరణలు. ఇన్నేళ్ళుగా దేశంలో ఏ సెషన్స్ కోర్టులో ‘ఒమిషన్’ (చెప్పకుండా వదిలేసిన సంగతి) అని ప్లీడరు లేచినా, ఆ రెండు సందుల మధ్యే వాదన నడుస్తోంది.

జడ్జి ఈ తంతంతా చూస్తూ ఊరుకోవాలా? అక్కర్లేదు. నిజం తేల్చడానికి ఏ సాక్షినైనా ఎప్పుడైనా ఏదైనా అడిగే అధికారం చట్టం ఆయనకిచ్చింది. ఆ అధికారం ఎంత వాడాలన్నదే నాజూకు. 1981లో రామ్‌చందర్ కేసులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఓ.చిన్నపరెడ్డి గారు దీని మీద రాసిన తీర్పు చిన్నది, చదవదగ్గది. జడ్జి ప్రేక్షకుడిలాగానో, విన్నది రాసుకునే యంత్రంలాగానో కూర్చోకూడదన్నారు. అలాగని సాక్షులను బెదిరించకూడదు, ఒక పక్షం తరఫున దిగిపోకూడదు. ఆ కేసులో కింది జడ్జి, మాట మారిస్తే అబద్ధపు సాక్ష్యం కేసు పెడతానని సాక్షులను గద్దించారు. అది తప్పని ఆయన మొగమాటం లేకుండా రాశారు. తలుపులు లేని పల్లెటూరి నోళ్ళు కోర్టు గదిలో ఎలా మూతబడతాయో తెలిసిన మనిషి రాత అది.

తలలు లెక్కపెట్టడం కూడా మన చట్టంలో లేదు. ఒక సంగతి రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు కావాలన్న నియమం లేదు. 1957 నాటి వడివేలు తేవర్ కేసు సాక్షులను మూడు రకాలు చేసింది. పూర్తిగా నమ్మదగ్గవాడు, అసలు నమ్మరానివాడు, ఈ రెండూ కానివాడు. మొదటి ఇద్దరితో పేచీ లేదు. ఊళ్ళో పార్టీలు, చుట్టరికాలు, పొలం గట్ల తగవులు ఉన్నచోట కోర్టుకొచ్చేది ఎక్కువగా ఆ మూడోవాడే. అతనికి వేరే ఆధారం తోడు వెతకాలి. ఎక్కడ తోడు కావాలో, ఎక్కడ అక్కర్లేదో తీర్పులో రాసేటప్పుడు జడ్జికి దిక్కు మళ్ళీ ఆ డెపోజిషన్ షీటే.

ఇంత మెచ్చుకుని ఒక ఫిర్యాదు చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2002 జులై నుంచి సివిల్ దావాల్లో చీఫ్ బోనులో జరగడం లేదు. ఆఫీసులో టైపు చేసిన అఫిడవిట్ తెచ్చి దాఖలు చేస్తారు. కాలం కలిసొచ్చిన మాట నిజమే. కానీ పి.డబ్ల్యు.1, 2, 3 అఫిడవిట్లు చదివితే ముగ్గురికీ ఒకే నోరు ఉన్నట్టుంటుంది. ఒకే పేరాలు, ఒకే కామాలు, ఒక్కోసారి ఒకే అచ్చుతప్పు. పొలం తప్ప ఏమీ తెలియని మనిషి ‘సదరు షెడ్యూలు ఆస్తి యందు నిరాటంక స్వాధీనానుభవము’ గురించి మాట్లాడుతుంటాడు. క్రాస్‌లో మొదటి ప్రశ్న, ‘మీ అఫిడవిట్‌లో ఏముందో మీకు తెలుసా?’ ‘తెలియదండి, సంతకం పెట్టమంటే పెట్టాను.’ ఆ ఒక్క వాక్యంతో నాలుగు పేజీల చీఫ్ పలచబడిపోతుంది. సొంత సాక్షితో, నోటికందించకుండా, ‘ఆ తర్వాత?’ అనుకుంటూ కథ చెప్పించడం ఒక విద్య. సెషన్స్ కోర్టుల్లో ఇంకా మిగిలి ఉంది. సివిల్ వైపు కొత్త ప్లీడర్లకు దాన్ని నేర్చుకునే అవసరమే పోయింది.

ఆడియో, వీడియోలో సాక్ష్యం రికార్డు చేయడానికి క్రిమినల్ చట్టంలో ఇప్పటికే చోటుంది. 2024 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాలు దాన్ని ఇంకా ముందుకు నెట్టాయి. సాక్షి తడబాటు, ప్లీడరు సైగ, ‘దీపాలు పెట్టే వేళ’ అన్న మాట, అన్నీ అందులో పడతాయి. బాగుంది. అయితే మూడు గంటల క్రాస్‌ను అప్పీలు జడ్జి మూడు గంటలు కూర్చుని చూడాలి. ఇద్దరు సాక్షుల రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టాలంటే ఏ నిమిషం దగ్గర ఏముందో ఎవరో రాసి పెట్టాలి. అలా రాసేవాళ్ళు ఏది ముఖ్యమో, ఏది కాదో తేల్చుకోవాలి. కెమెరా పెట్టాక కూడా విన్నదాన్ని తూచి నాలుగు వాక్యాల్లో దించగల జడ్జి, ఆయన తప్పు దించితే లేచి నిలబడగల ప్లీడరు కావాలి. జిల్లా కోర్టుల్లో ఈ ఇద్దరినీ తయారుచేసేందుకు పెట్టే ఖర్చు, కెమెరాలకు పెట్టే ఖర్చుకంటే తగ్గకూడదు.